రోకలికి కప్ప దొరకని ఏడు

ఆషాఢం గడిచిపోతోంది, చుక్క వాన లేదు. నారుమళ్లు నెర్రెలిచ్చాయి. ఇక కప్పతల్లిని ఊరేగించాల్సిందేనని పూతలపట్టు దగ్గరి ఆ ఊళ్లో ఆడవాళ్లు తీర్మానించారు. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ తిరిగితే వాన దిగుతుందని వాళ్ల నమ్మకం. రోకలి ఉంది, వేపమండలు ఉన్నాయి, పాడే గొంతులకైతే కొదవే లేదు. కప్పే లేదు! చెరువు బురద తవ్వారు, బావుల్లోకి తొంగి చూశారు. ఎక్కడా బెకబెకమన్న పాపాన పోలేదు.

అందరి చూపూ కుప్పుస్వామి మీద పడింది. పడదా మరి? నిరుడు కప్పల్ని పట్టి కొనుక్కుపోవడానికి చిత్తూరు నుంచి సంచులతో దిగిన కప్పలవాళ్లను మొట్టమొదట తన మడిలోకి పిలిచిన మహానుభావుడు అతనే. కప్పకాళ్లు పైదేశాలకు పోతాయట, అక్కడ తింటారట అని పడీపడీ నవ్వుతూ చెప్పాడు. అతన్ని చూసి ఊరంతా వాళ్లను తమ మళ్లలోకి పిలిచింది. ఆ సంగతి ఇప్పుడెవరికీ గుర్తులేదు. పురుగుల్ని తినే కప్పలు లేక ఆ పంటలోనే వరికి దోమ పట్టింది. దోమకని మందు కొట్టారు. మందు కొట్టిన మళ్లలో కొంగలు వాలడం మానేశాయి. నీరుకట్టు పాములు కూడా ఎటో పోయాయి. అప్పట్నుంచి కుప్పుస్వామి గట్టు మీద ఎక్కువసేపు నిలబడేవాడు కాదు.

"మీ ఆయన అమ్ముకున్నాడు గదా, ఆయన్నే తెమ్మను," అని పెద్దామె నాగులమ్మ, కుప్పుస్వామి భార్య జ్ఞానాంబతో నలుగురిలో అనేసింది. జ్ఞానాంబ ఇంటికొచ్చి పొయ్యి ముట్టించలేదు. తిట్టినా బాగుండేది. ఉండబట్టలేక అతను సైకిలెక్కాడు.

బంగారుపాళ్యం పక్కన ఉండే అతని బావమరిది ఆదిమూలం నిరుడు కప్పలవాళ్లను గట్టు కూడా ఎక్కనివ్వలేదు. బావ వచ్చిన పని విని అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, బావిలోంచి ఒక పెద్ద పచ్చకప్పను పట్టిచ్చాడు. కుప్పుస్వామి దాన్ని తడిగుడ్డలో చుట్టి, బతికుందో లేదోనని దారిపొడవునా దిగి దిగి చూసుకుంటూ తెచ్చాడు.

రోకలి ఊరంతా తిరిగింది. చివరికి ఆడవాళ్లు కప్పను కుప్పుస్వామి బావిలోనే వదిలారు. ఆ వారంలోనే వాన దంచికొట్టింది. మళ్లు నిండాయి, ఊరు ఊరంతా సంబరం. నాగులమ్మ కూడా పాత మాట మరిచి అతన్ని మెచ్చుకుంది.

అతనికి మాత్రం అరుగు మీద కాలు నిలవలేదు. పొద్దుగూకేవేళ మడి దగ్గరికి పోయాడు. వెనకటి రోజుల్లో మొదటి వాన పడితే కప్పల గోలకు పక్కమనిషి మాట వినబడేది కాదు. ఇప్పుడు బావిలోంచి ఒక్కటే గొంతు. అరుస్తుంది, ఆగుతుంది, మళ్లీ అరుస్తుంది. జ్ఞానాంబ వెనకాలే వచ్చి చాలాసేపు విన్నది.

"యెవురూ పలకలేదే దానికి," అంది.

తెల్లారేసరికి సైకిలుకు తడిపిన గోనెసంచి వేలాడుతోంది. వీధి మలుపులో నాగులమ్మ ఎదురైంది.

"ఏమప్పా, మళ్లా కప్పలు పట్టేదానికా?"

"లేదమ్మా," అన్నాడు కుప్పుస్వామి, "అడుక్కునేదానికి."