మణికట్టు పట్టేంత సందు

జిప్పు మణికట్టు పట్టేంతే తెరవాలి. అంతకన్నా వెడల్పుగా తెరిస్తే, పొద్దున్నే తల్లులు కూరి పంపిన చల్లదనమంతా గదిపాలవుతుంది. ఐసమ్మ ఎర్రసంచీ జిప్పును సరిగ్గా అంతే లాగి, చెయ్యి లోపలికి దూర్చి, వేళ్ల వెనకభాగాన్ని డబ్బా మూతకు ఆనించి కళ్లు మూసుకుంది. మూత గోరువెచ్చగా తగిలింది. చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. అదే వెచ్చదనం. పక్కనున్న నీలంసంచీ చూసింది, దాని పక్కన కుందేలు బొమ్మ సంచీ చూసింది. గోడ పొడవునా చెక్క అరల మీద చిన్న తరగతుల పిల్లల సంచీలన్నీ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి గాని, ఒక్కటంటే ఒక్కటి చల్లగా లేదు.

ఆ బడిలో ఆమె ఆయా. ముక్కులు తుడవడం, చెప్పులు వెతికి పెట్టడం, తడిసిన లాగులు మార్చడం ఎలాగూ ఉన్నవే. వాటిపైన, మధ్యాహ్నం భోజనాల సంచీలు కనిపెట్టుకుని ఉండే పని ఒకటి. ఒక ఎండాకాలం పాడైన తిండి తిని పిల్లలు వరసపెట్టి వాంతులు చేసుకున్నాక పెద్ద టీచరు ఆ పని ఆమెకు ఒప్పజెప్పింది. వెచ్చబడిన సంచీలను కింది అరలోకి దించి, వాటి తాలూకు పిల్లల చేత పొద్దుటి చిన్న విరామం గంటకే తినిపించేసేది. ఆలస్యం అమృతం విషం అన్న మాట పుట్టిందే భోజనాల సంచీల కోసమని ఆమె గట్టి నమ్మకం. పడి మోకాళ్లు పగలగొట్టుకున్న వాళ్లకు గది మూలనున్న పెట్టెలోంచి ఐసుముక్క తీసి అద్దేది కూడా ఆమే. అందుకే పిల్లలు ఐసమ్మ అన్నారు, పిల్లల్ని చూసి పెద్దలూ అన్నారు. అసలు పేరు పెట్టి పిలిచే మనిషి పోయి చాలా ఏళ్లయింది. ఆ పేరెత్తి ఎవరైనా పిలిస్తే ఆమే తిరిగి చూడదేమో.

కింది అర నిండిపోయింది. ఇక నేల మీద పెడుతూ ఉంటే చిన్న తరగతి టీచరు గుమ్మంలో ఆగి, ఇవాళ ఇదేం సర్దుడని అడిగింది. ఐసమ్మ సంగతి చెప్పింది. టీచరు ఒక సంచీలో చెయ్యి పెట్టింది, ఇంకొకదానిలో పెట్టింది, చేతులు విదిలించుకుంది.

"చల్లగానే ఉన్నాయి కదా ఆయమ్మా. నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి."

ఆ టీచరు మంచిదే గాని, పని తొందరగా తెమిలితే చాలనుకునే రకం అని ఐసమ్మ లోపల అనుకుంది. కానీ సంచీలోని ఐసు పలక మీద తెల్లటి పొడి ఇంకా అలాగే ఉంది. అది కళ్లకు కనిపిస్తూనే ఉంది. ఇన్నేళ్లలో చెయ్యి ఒకటి చెప్పి కన్ను ఒకటి చెప్పడం ఆమె ఎరగదు. ఎటూ తేలక సంచీలన్నీ తిరిగి ఎక్కడివక్కడ సర్దింది.

ఆ పూటంతా అలాగే గడిచింది. కడుగుదామని ఒక పిల్ల చెయ్యి పట్టుకుంటే పెనం అంటుకున్నట్టు కాలింది. ఆ వెనకనే నిలబడ్డ పిల్లాడిది ఇంకా వేడి. ఇద్దరికీ జ్వరమని ఆఫీసు గదికి తీసుకెళ్లింది. పెద్ద టీచరు థర్మామీటరు పెట్టి చూసి, ఏమీ లేదు పొమ్మంది. పిల్లలు కేరింతలు కొడుతూ పరుగెత్తారు. టీచరు ఆమె ముఖంలోకి చూసి, మీకే ఒంట్లో బాగున్నట్టు లేదు, ఇంటికెళ్లి పడుకోండి అంది. నాకేం, గుండురాయిలా ఉన్నానంది ఐసమ్మ. నిజానికి పొద్దుట్నుంచీ ఎడమ భుజం బరువుగా లాగుతోంది, మెట్లు ఎక్కితే ఊపిరి అందడం లేదు. టీ గ్లాసు పట్టుకోలేక రెండుసార్లు కింద పెట్టేసింది. ఇవన్నీ చెబితే రేపు సెలవు పెట్టమంటారు. రేపు మాత్రం ప్రాణం పోయినా సెలవు పెట్టడానికి వీల్లేదు.

మధ్యాహ్నం ఒక పిల్ల జారుడుబల్ల మీంచి పడి నుదురు బొప్పి కట్టించుకుంది. ఐసమ్మ పెట్టెలోంచి ఐసుముక్క తీసి గుప్పిట్లో పట్టుకుని, ఏడుపు ఆగేదాకా ఒళ్లో కూర్చోబెట్టుకుని అద్దింది. ఎప్పుడూ అయితే నీళ్లు ముంజేతి మీదుగా కారి కొంగు తడిసిపోయేది. ఈసారి పిల్ల ఏడ్చి, వెక్కి, నవ్వి, దిగి వెళ్లిపోయినా కొంగు పొడిగానే ఉంది. గుప్పిట విప్పి చూసుకుంది. ఐసుముక్క పెట్టెలోంచి తీసినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది, దాని అంచులు కూడా అరగలేదు. ఐసమ్మకు మొదటిసారి భయం వేసింది. దాన్ని పెట్టెలో పడేసి మూత వేసి, ఆ మూత మీద కాసేపు కూర్చుంది.

రేపు ఆమె మనవరాలు బడిలో చేరుతుంది. ఆ మాట ఇంట్లో ఖాయం కావడానికి అత్తాకోడళ్ల మధ్య నెలల తరబడి రాయబారం నడిచింది. కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు కాబట్టి తీర్పు చెప్పే బాధ తప్పించుకున్నాడు. పోయిన ఎండల్లో పొరుగింట్లో పాడైన గుడ్డు తిని ఆ పిల్ల ఆస్పత్రి పాలైంది. సూది గుచ్చడానికి నరం దొరక్క నర్సులే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పిల్ల దక్కింది గాని పొట్ట మాత్రం సున్నితమైపోయింది. అప్పట్నుంచి కోడలు తన కంటి ముందు తప్ప దానికి మెతుకు పెట్టనివ్వదు. బడి ఇంకో ఏడాది ఆగాక చూద్దామంది. పిల్లేమో పొద్దున్నే కిటికీ చువ్వలు పట్టుకుని బడికి పోయే వాళ్లను లెక్కపెడుతూ కూర్చునేది. అది చూడలేక ఐసమ్మ మాటిచ్చింది.

"సంచీ నేను కొంటా. బడిలో నేనుంటా. నా చెయ్యి పెట్టి చూడందే దాని నోట్లోకి ఏదీ పోనివ్వను, సరేనా?"

కోడలు ఆ చేతిని నమ్మి ఒప్పుకుంది. ఇవాళ ఆ చెయ్యే మాట వినడం లేదు.

బడి వదిలాక బస్టాపు పక్కనున్న సంచీల కొట్టుకు వెళ్లింది. గొడుగులు, బక్కెట్లు, ప్రయాణపు పెట్టెలు పైకప్పు దాకా పేర్చిన ఇరుకు కొట్టు. కొట్టతను కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఏం కావాలన్నాడు. చల్లకొచ్చి ముంత దాచడం ఐసమ్మకు చేతకాదు. మధ్యాహ్నం దాకా తిండి చల్లగా ఉంచే సంచీ కావాలి, ఐసు పెట్టి చూసి గాని కొనను అని చెప్పేసింది. అతను మెరిసే బొమ్మల సంచీలు నాలుగు ముందు పడేశాడు. ఆమె ఒకదాన్ని లోపలిది బయటికి తిప్పి, వెండి రంగు పొరను బొటనవేలితో నొక్కింది. పొర కాగితంలా లేచొచ్చింది. ఇంకోదాని అడుగున కుట్టు రంధ్రాలు వెలుతురుకు పట్టి చూపించింది.

"పైన పటారం, లోన లొటారం," అంది.

"పిల్లలు బొమ్మ చూసే కొంటారు పెద్దమ్మా."

"తినేది బొమ్మని కాదుగా నాయనా."

అతను నవ్వి, ఈసారి అటక మీంచి మందమైనవి దించాడు. కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లోంచి ఐసు పలకలు తీసి రెండింట్లో పెట్టాడు. మూడోది పసుపుపచ్చ సంచీ. మనవరాలు కోరింది పసుపుపచ్చే. బొమ్మ వద్దంది, ఏరుకున్న రాళ్లు దాచుకోవడానికి బయట ఒక జేబు మాత్రం ఉండాలంది. దీనికి జేబుంది. ఐసమ్మ స్టూలు మీద కూర్చుని ఆ సంచీని ఒళ్లో పెట్టుకుంది. లోపలి పొర ఎంత మందమో చూద్దామని చెయ్యి దూర్చి, అలసట వల్ల అలాగే ఉంచేసింది. కొట్టు బయట ఎండ వాలుతోంది. జనం వస్తున్నారు, పోతున్నారు. కాసేపు ఆమె కళ్లు మూతలు పడ్డాయి.

మేలుకుని ముందున్న రెండు సంచీలూ పరీక్షించింది. రెండూ వెచ్చగానే ఉన్నాయి. ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు గమనించింది, ఒళ్లో ఉన్న పసుపు సంచీలో మాత్రం చెయ్యి ఎక్కడ అయిపోయిందో సంచీ ఎక్కడ మొదలైందో తెలియనంత చల్లగా ఉంది.

"ఇదిగో, చల్లదనమంటే ఇదీ. ఇది కట్టివ్వు," అంది.

"అందులో ఇంకా ఐసు పెట్టలేదు పెద్దమ్మా."

అతను తమాషాకని చెయ్యి పెట్టి, నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు. సంచీ వంక చూశాడు, ఆమె వంక చూశాడు. పొద్దున తెరిచినప్పటి నుంచీ దుకాణం నిండా ఉన్న ఉక్కపోత ఆ స్టూలు చుట్టూ లేదని అప్పుడే తట్టినట్టుంది. ఆమె బేరం ఎత్తకముందే తనే ధర తగ్గించి, కాగితంలో చుట్టి, ఆమె వేళ్లు తగలకుండా అందించాడు.

ఇల్లు చేరేసరికి సంధ్యవేళ. మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. లోపల కోడలు యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. పిల్ల కొత్త బూట్లు తొడుక్కుని ఇల్లంతా టకటకలాడిస్తోంది. సంచీ చూడగానే పరుగెత్తుకొచ్చి నానమ్మ మీద పడింది. ఐసమ్మ దాని చెంప పట్టుకుని గతుక్కుమంది. చెంప కాలిపోతోంది.

"పిల్లకి జ్వరమే. రేపు పంపొద్దు," అంది. నెలల తరబడి వాదించి గెలుచుకున్నది తన నోటితోనే పోగొట్టుకుంటున్నానని తెలిసీ అంది.

కోడలు ఇస్త్రీపెట్టె వదిలేసి వచ్చి పిల్ల నుదురు చూసింది, మెడ చూసింది, పొట్ట చూసింది. ఏమీ లేదత్తయ్యా అంది. సరిగ్గా చూడమని చెప్పడానికి ఐసమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. కోడలు ఉలిక్కిపడింది. చెయ్యి మాత్రం వదిలించుకోలేదు. రెండు చేతులతో అత్తగారి చేతిని పట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. ఎంత రుద్దినా అందులోకి వేడి రాలేదు.

"మీ చెయ్యి, అత్తయ్యా..." అని ఆగిపోయింది.

ఐసమ్మ తన చేతి వంక చూసుకుంది. పొద్దుటి సంచీలు, జ్వరం లేని పిల్లలు, అరగని ఐసుముక్క ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. భయపడాల్సిన మాటే. కానీ ఆమెకు ముందు కలిగింది మాత్రం సంతోషం. బడిలో ఎవరి తిండీ పాడవలేదు. తన పిల్లకు జ్వరం లేదు.

"అయితే ఇది రేపు బడికెళ్లొచ్చన్నమాట," అంది.

కోడలు డాక్టరును పిలుచుకురావడానికి చెప్పులైనా లేకుండా మెట్లు దిగింది. ఐసమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని సంచీ ఒళ్లోకి తీసుకుంది. మాటిచ్చిన మనిషి. రేపు తను అక్కడ ఉండదేమోనన్న అనుమానం ఇప్పుడు బాగానే తగిలింది. ఎవరు చూస్తారు దీని డబ్బా? ఆ టీచరు చూస్తుందా? చూసినా ఎన్నాళ్లు చూస్తుంది? ఐసమ్మ జిప్పు కొంచెం లాగి చెయ్యి లోపల పెట్టింది.

"ఏం చేస్తున్నావ్ నానమ్మా?"

"చల్లబెడుతున్నా. రేపటికి."

పిల్ల కింద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. కోడలు డాక్టరును వెంటబెట్టుకుని వచ్చేసరికి గదిలో ఇంకా దీపం వెయ్యలేదు. పిల్ల పెదాల మీద వేలుపెట్టి, మాట్లాడొద్దు, నానమ్మ చల్లబెడుతోంది అంది. ఐసమ్మ తల కిటికీ వైపు వాలి ఉంది. ఆ చేతిని సంచీలోంచి తియ్యడం ఇద్దరికీ కష్టమైంది.

కర్మలు ముగిశాక కోడలు సంచీని అటక ఎక్కించబోయింది. వేరే సంచీ అయితే బడికే వెళ్లనని పిల్ల భీష్మించుకుంది. మొదటి రోజు కోడలు గుడ్డు, పండ్ల ముక్కలు, పెరుగు సర్దిపెట్టి, పైన ఐసు పలక ఉంచింది. పిల్ల దాన్ని తీసి బల్ల మీద పెట్టేసింది.

"అది పెడితే చోటు చాలదమ్మా."

దేనికి చోటని కోడలు విసుగ్గా అడిగింది. డబ్బా సర్ది చూపిద్దామని చెయ్యి లోపల పెట్టింది. పెట్టగానే, ఆ సాయంత్రం రెండు చేతులతో రుద్దిన చల్లదనమే తగిలింది. తీసినప్పుడు కళ్లు తుడుచుకుంది. ఐసు పలకను బల్ల మీదే వదిలేసి పిల్లను బడికి పంపింది.

కొత్త ఆయా ఇంకా దొరకలేదు. ఆ మధ్యాహ్నం సంచీలు చూసే వంతు చిన్న తరగతి టీచరుకు పడింది. ఎండ మండిపోతోంది, ఫ్యాను ఆగిపోయింది, సంచీలు ఒక్కొక్కటే వెచ్చబడుతున్నాయి. పసుపు సంచీ జిప్పు కాస్త తెరిచి ఉంది. పిల్ల మరిచిపోయిందనుకుని టీచరు దాన్ని గట్టిగా లాగి మూసి, పై అరలో పెట్టి, గంట కొట్టడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. పై అరలో పసుపు సంచీ పెట్టినచోటే ఉంది, దాని జిప్పు మాత్రం మళ్లీ తెరుచుకుని ఉంది, సరిగ్గా మణికట్టు పట్టేంత.