బాలమ్మను పిలవని రాజీ

కార్మిక శాఖలో అనసూయమ్మది రాజీ కుదిర్చే ఉద్యోగం. యాజమాన్యం, యూనియన్ ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజుల్లో మధ్యలో కూర్చుని, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి గానీ లేచేది కాదు. రిటైరై మెట్టుగూడలో ఫ్లాటు కొనుక్కున్నాక కూడా ఆ పేరు ఆమెను వదల్లేదు. అందుకే అపార్ట్‌మెంటుకీ వెనకనున్న బస్తీకీ కొట్లాట జరిగినప్పుడు అసోసియేషన్ ప్రెసిడెంటు యుగంధర్ పోలీసు స్టేషన్ నుంచి నేరుగా ఆమె ఇంటికే వచ్చాడు.

గొడవ ఒక ఖాళీ జాగా గురించి. అపార్ట్‌మెంటు గోడకీ బస్తీ ఇళ్లకీ నడుమ ఉన్న ఆ జాగా ఎవరిదో ఎవరికీ సరిగ్గా తెలియదు. వీళ్లు కార్లు పెట్టుకునేవారు. వాళ్లు పెళ్లిళ్లకీ వినాయకుడికీ పందిరి వేసుకునేవారు. ఈసారి గుంజలు పాతే వేళకి కార్లు కదల్లేదు. మాటా మాటా పెరిగింది. కార్ల అద్దాలు పగిలాయి. బస్తీ పెద్ద ఓంప్రకాశ్ తమ్ముడికి నెత్తి పగిలి కుట్లు పడ్డాయి. ఇరువైపులా కేసులు నమోదయ్యాయి.

"మీలో మీరు తేల్చుకుని రమ్మన్నాడండీ ఇన్‌స్పెక్టరు. మీరు కూర్చుంటే తప్ప ఇది తెగదు మేడమ్," అన్నాడు యుగంధర్.

అనసూయమ్మకు లోలోపల సంతోషమే కలిగింది. ఆమె అవసరం ఎవరికైనా పడి చాలా కాలమైంది.

ఆమె ఇద్దర్నీ ఒకేసారి కూర్చోబెట్టలేదు. వేడి మీదున్నవాళ్లని ఎదురెదురుగా కూర్చోబెడితే రెండో విడత కొట్లాట అవుతుందని ఆమెకు తెలుసు. పొద్దున ఓంప్రకాశ్ ఇంట్లో చాయ్ తాగేది, సాయంత్రం యుగంధర్ ఇంట్లో కాఫీ తాగేది. "వాళ్లంతా కబ్జాగాళ్లండీ" అని యుగంధర్ అంటే, బస్తీకి వెళ్లి "కార్లకి చోటు లేక ఇబ్బంది పడుతున్నారయ్యా" అని చెప్పేది. "గోడ గట్టుకొని మమ్మల్ని పందులను జూసినట్టు జూస్తరు" అని ఓంప్రకాశ్ ఉడికిపోతే, ఇటొచ్చి "వాళ్లు కోరేది కాస్త మర్యాద" అనేది. ముల్లు తీసి మాట అందించడమే ఆమె విద్య. నెమ్మదిగా గొంతులు దిగాయి. ఒకరోజు యుగంధర్ పళ్లు పట్టుకుని ఓంప్రకాశ్ తమ్ముణ్ణి చూసి వచ్చాడు. ఇక కలపవచ్చు అనుకుంది.

తన ఇంట్లోనే ఇద్దర్నీ కూర్చోబెట్టింది. జాగా చెరి సగం, ఒక సగంలో వీళ్ల కార్లు, ఇంకో సగంలో బస్తీకి మండపం అనే దగ్గర మాట ఆగింది. సగానికి గీత గీస్తే, ఆ గీత సరిగ్గా జాగా నడుమనున్న బాలమ్మ రేకుల షెడ్డు మీదుగా పోతుంది.

బాలమ్మ భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేస్తూ పోయాడు. ఇళ్లల్లో పనికెళ్లే బస్తీ ఆడవాళ్లు పసిపిల్లల్ని ఆమె దగ్గర వదిలి వెళ్తారు. అనసూయమ్మ ఇంట్లో పనిచేసే సుబ్బులు కూడా తన కూతుర్ని అక్కడే దింపి వస్తుంది.

"మరి ఆ షెడ్డు?" అని అడిగింది అనసూయమ్మ.

"బాలమ్మదేముంది మేడం, మా బస్తీ మనిషే. మేం జూస్కుంటం," అన్నాడు ఓంప్రకాశ్.

"అసలు ఎవరి పర్మిషన్‌తో వేశారండీ అది? తీసేస్తే మీ మండపానికి చోటొస్తుంది, మా కార్లు తిప్పుకోవడానికి దారొస్తుంది," అన్నాడు యుగంధర్.

"అది నిజమే అన్నా."

అన్నా! ఇన్నాళ్ల మాటల్లో ఒకరు ఇంకొకరిని అలా పిలవడం అదే మొదలు. ఇద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్న సంగతి కూడా అదొక్కటే. బాలమ్మను ఒక్కమాట అడిగి చెబుదామనే మాట అనసూయమ్మ నోటిదాకా వచ్చింది. కానీ రేపటికి వీళ్ల మనసు మారితే? కుదిరిన దగ్గర ముడి వేసేయాలి, ఆలస్యం చేస్తే జారిపోతుంది. ఉద్యోగంలో నేర్చుకున్నది అదే. ముందు సంతకాలు అవనీ, తర్వాత ఆమెకేదో చూద్దాం అనుకుంది.

సంతకాలయ్యాయి. కేసులు వెనక్కి తీసుకుంటామన్నారు. మిఠాయిలు తిన్నారు.

కబురు తనే చెప్పాలని అనసూయమ్మ షెడ్డుకి వెళ్లింది. చీర ఉయ్యాల్లో ఒక పసివాడు నిద్రపోతున్నాడు. బాలమ్మ ఇంకో పిల్లకి పప్పన్నం పెడుతూ అంతా విన్నది.

"అందరు ఒప్పుకున్నరా అమ్మా?"

"ఒప్పుకున్నారు బాలమ్మా."

"మంచిగైంది. కొట్లాట బంద్ గావాలని నేను సుత మొక్కుకున్న." పిల్ల మూతి తుడిచి తలెత్తింది. "మరి నన్నెందుకు పిల్వలే?"

"నీకు వాళ్లతో గొడవేం లేదు కదా అని..."

"అవునమ్మా, లేదు. నేను సుత నాలుగు అద్దాలు పలగ్గొడితే నాకు సుత కుర్చీ ఏస్తుంటిరి."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. కోపాన్ని ఎలా చల్లార్చాలో అనసూయమ్మకు తెలుసు.

"నీకు వేరే చోటు చూపిస్తాను. నా మాట నమ్ము," అంది. బాలమ్మ పిల్లకి ఇంకో ముద్ద కలిపింది.

ఆదివారం పొద్దున షెడ్డు విప్పారు. బస్తీ కుర్రాళ్లు, అపార్ట్‌మెంటు కుర్రాళ్లు కలిసే విప్పారు. మొన్నటిదాకా రాళ్లు విసురుకున్నవాళ్లు ఒకరు రేకు పడుతుంటే ఇంకొకరు అందుకుంటూ నవ్వుకున్నారు. యుగంధర్ అందరికీ బిర్యానీ తెప్పించాడు. బాలమ్మ ఉయ్యాల చీర మడిచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు సుబ్బులు పని మానేస్తానంది.

"పిల్లను ఇంట్ల పెట్టి తాళమేసి వస్తున్ననమ్మా. ఏడ్సి ఏడ్సి దాని గొంతు పోయింది. ఎంట తెస్తనంటే మీ అపార్టుమెంటోళ్లు లిఫ్టుల ఎక్కనిస్తలేరు. గిట్ల నాతోని కాదు."

నా దగ్గర వదిలి వెళ్లు అనే మాట అనసూయమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చాయి.

ఆ సాయంత్రమే యుగంధర్ దగ్గరికి వెళ్లింది. సెల్లార్‌లో ఒక గది ఖాళీగా ఉంది, బాలమ్మకిద్దామంది.

"ఇప్పుడిప్పుడే ప్రశాంతంగా ఉందండీ. మళ్లీ కదిలించకండి, ప్లీజ్," అన్నాడు అతను.

మండపం వెనక కాస్త చోటైనా ఇమ్మని ఓంప్రకాశ్‌ను అడిగింది.

"వాళ్లు ఒప్పుకున్నది మండపానికి మేడం. రేకులేస్తే మళ్ల లొల్లి షురూ అయితది. మీరే కుదిర్చిన్రు, మీరే చెడగొడ్తరా?"

తన చేత్తో వేసిన తలుపు తనకే తెరుచుకోవడం లేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. బాలమ్మను వెతుక్కుంటూ బస్తీలో ఆమె ఇంటికి వెళితే తాళం ఉంది. మౌలాలిలో చెల్లెలి దగ్గరికి పోయిందనీ, అక్కడేదో ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతోందనీ పక్కింటివాళ్లు చెప్పారు.

మండపం ప్రారంభం రోజున అనసూయమ్మకు శాలువా కప్పారు. పక్కపక్క కుర్చీల్లో యుగంధర్, ఓంప్రకాశ్, వాళ్ల మధ్య ఇన్‌స్పెక్టరు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. బాలమ్మ పేరు చెప్పాలనే ఆమె వచ్చింది. మైకు పట్టుకున్నాక ఆ ఇద్దరూ ఆమెవైపు చూశారు. భయంగానే చూశారు, బతిమాలుతున్నట్టుగా కూడా చూశారు.

"ఇరుపక్షాల పెద్దమనసు వల్లే ఇది సాధ్యమైంది," అంది అనసూయమ్మ.

చప్పట్లు మోగాయి. బస్తీ ఆడవాళ్ల వైపు నుంచి చప్పుడు రాలేదు. చాలామంది ఒళ్లో పిల్లలున్నారు. వాళ్ల చేతులు ఖాళీగా లేవు.