నల్ల తెర మీద నల్ల అక్షరాలు

రోజూ పొద్దున ఏడింటికి నత్త అన్నం తినే టేబుల్ మీదే కంప్యూటర్ ఆన్ చేస్తుంది. ఆ పిల్లని నత్త అని ఎందుకంటారంటే మూడేళ్లుగా నవల రాస్తోంది, ఇంకా మొదటి పేజీలోనే ఉంది మరి. కారణం వాళ్ల నాన్న. ముప్పై ఏళ్లు పేపర్లో ప్రూఫ్ రీడర్. ఆయన చూపు తప్పు మీద పడితే చాలు, దాని కింద ఎర్రగీత వంకరటింకరగా మొలిచేస్తుంది. షాపు బోర్డయినా, కరెంటు బిల్లయినా సరే. గోడ మీది క్యాలెండర్లో మొలిస్తే అమ్మ తడిగుడ్డతో తుడిచేసి తన పని తను చూసుకుంటుంది.

ఈసారి నత్త పంతం పట్టింది. శనివారం సాయంత్రం ఐదులోపు చిత్తుప్రతి మొత్తం పంపిస్తేనే చదువుతానంది పబ్లిషరమ్మ, లేదంటే ఇంకెప్పుడూ అడగొద్దంది. పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షన్ పనికి నత్త వారం సెలవు పెట్టేసింది. టైపు చేసే ఎడిటర్లో మెనూలు ఎత్తేసింది, గడియారం దాచేసింది, స్పెల్ చెక్ ఆపేసింది, నెట్ పీకేసింది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే. ఇంకేం కావాలి అనుకుని మొదటి వాక్యం కొట్టింది: ఆమెకి చాలా భాద కలిగింది.

ఠక్కున ఎర్రగీత. వెనకాల టీ కప్పుతో నాన్న.

"ఒత్తు బకి కాదే తల్లీ, దకి."

"రాసే బాధ నాది, ఒత్తు బాధ నీది. అవతలికెళ్లు నాన్నా."

ఉన్నదే ఒక గది, ఎక్కడికెళ్లాలి అన్నాడాయన. నిజమే పాపం. కళ్లు మూసుకోమంటే మూసుకున్నాడు కానీ రెండు నిమిషాలు కూడా ఆగలేకపోయాడు.

నత్త సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్షరాల రంగు కూడా నలుపు చేసి పారేసింది. ఇక నాన్నకి కనపడదు. నత్తకీ కనపడదు. ఏం రాస్తున్నావో నీకెలా తెలుస్తుందే అని అమ్మ అడిగితే, తెలియకూడదనే అంది. ఆరు రోజులు గుడ్డిగా కొట్టింది. వెనక్కెళ్లి దిద్దాలన్నా ఎక్కడికెళ్లాలో తెలిస్తే కదా. నాన్న ఆ నల్ల తెర వంక చూసి చూసి కళ్లు నులుముకున్నాడు.

శనివారం నాలుగున్నరకి ఆఖరి వాక్యం కొట్టేసి రంగు తెలుపుకి మార్చింది. నూట ముప్పై పేజీలు. అలా మార్చిందో లేదో నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొదటి పేజీ ఎర్రగా నిండిపోయింది. రెండోదీ అంతే. నత్తకి ఏడుపొచ్చేసింది. మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ మీద వేలు పెట్టింది.

మూడో పేజీలో గీతలు పలచబడ్డాయి. నాలుగులో రెండే. ఐదులో ఒక్కటీ లేదు, తప్పులు మాత్రం గంపెడున్నాయి. ఆయన కళ్లకేమైందోనని అమ్మ కంగారుగా వంగి చూసింది. ఏమీ కాలేదు. చదువుతున్నాడు.

నత్త వేలు తీసేసింది. నెట్ పెట్టి, ఐదుకి ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయనగా పంపేసింది. ఫైల్ మూయబోతుంటే నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవే. ఇంతకీ నీ కథలో ఆ అమ్మాయి బండి దొరికి ఇల్లు చేరిందా?"