తిరిగిరాని బొమ్మలు

శుభ్రంగా ఉన్న బొమ్మల్నే ఆమె మళ్ళీ కడుగుతోంది. డాబా మీద పాత దుప్పటి పరిచి, చెక్క ఏనుగుల్ని ఒక వరసలో, ప్లాస్టిక్ ఇటుకల్ని ఇంకో వరసలో ఆరబెట్టింది. నిన్న కూడా ఇవే కడిగింది. మొన్న కూడా. ఏనుగుల కళ్ళకు వేసిన నల్లరంగు అప్పుడే వెలిసిపోతోంది.

"అమ్మాయ్, వాటి స్నానాలు అయిపోతే కాస్త కిందికి రా. కూరగాయలు అలాగే ఉన్నాయి" అని అత్తగారు కేకేసింది.

"వస్తున్నా అత్తయ్యా" అంది కానీ వెంటనే కదల్లేదు. కంపెనీ మూతపడింది. ఆ సంగతి ఇంట్లో ఆమెకూ భర్తకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియకూడదని భర్త చెప్పాడు. "పని ఆపేస్తే ఆపెయ్యి. బోర్డు మాత్రం తియ్యకు. రోజూ కాసేపు ఆ గదిలోకి వెళ్ళి కూర్చో. నాన్న అందరికీ చెప్పుకుని మురిసిపోతున్నారు. ఆయన తల ఎందుకు దించాలి?" అన్నాడు. అందులో కష్టమేముంది అన్నట్టే అన్నాడు. అప్పటినుంచి ఆమె రోజూ వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటోంది. ఊరికే కూర్చోలేక బొమ్మలు కడుగుతోంది. లేని పనిని ఉన్నట్టు చెయ్యడం, ఉన్న పని చెయ్యడం కంటే ఎక్కువ అలసట అని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఈ అలసటను ఎవరికీ చెప్పుకోవడానికి కూడా లేదు.

కంపెనీ పెట్టిన కొత్తలో ఇదే ఇంట్లో దాన్ని ఎవరూ కంపెనీ అనలేదు. మావగారు "పిల్లలాటలు" అనేవారు. భర్త తన స్నేహితులతో "మా ఆవిడకు కాలక్షేపం కావాలి కదా" అని నవ్వేవాడు. వాళ్ళ నవ్వులు వింటూ ఆమె టీ కప్పులు అందించేది. కప్పులు తీసుకున్న చేతులే తర్వాత ఫోన్ చేసి, మా పిల్లాడికి ఏదైనా మంచి బొమ్మ చూడమని అడిగేవి. తర్వాత ఒక పేపర్లో ఆమె ఫొటో పడింది. బొమ్మలు అద్దెకిచ్చే గృహిణి అని రాశారు. మావగారు ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకున్నారు. పొద్దున నడకకు వెళ్ళినప్పుడు తోటివాళ్ళకు చూపించి చూపించి అది మడతల దగ్గర చిరిగిపోయింది. ఆ రోజునుంచి భర్త "మేం స్టార్టప్ పెట్టాం" అనడం మొదలుపెట్టాడు. మేం అన్నాడు కదా అని ఒకరోజు బొమ్మలు సర్దడానికి సాయం రమ్మంది. తలనొప్పిగా ఉందన్నాడు. మూసేస్తున్నామని చెప్పినప్పుడు మాత్రం "నీ కంపెనీ, నీ ఇష్టం" అన్నాడు.

పని మాటకొస్తే చాలా తేలిక. పిల్లలు బొమ్మతో నెల ఆడితే విసిగిపోతారు. కొని పారెయ్యడం ఎందుకు, నెలనెలా కొంత కట్టి అద్దెకు తీసుకోవచ్చు కదా అని ఆమెకు తోచింది. ఇంటర్నెట్‌లో జరిగిన ఒక శిక్షణ తరగతిలో అచ్చం ఇదే ఆలోచన ఉన్న మనిషి అమెరికాలో దొరికింది. యాప్ ఒకటే, ఊళ్ళు రెండు. అక్కడి గది ఆవిడది, ఇక్కడి గది ఈమెది. ఫోన్ తెర మీద జుట్టులో పెన్ను దోపుకుని కనిపించిన ఆవిడను చూసి అత్తగారు "ఈ దొరసాని ఎవరే" అంది. ఆ పేరే ఇంట్లో స్థిరపడిపోయింది.

దొరసాని అన్నీ ముందే అడిగేది. నీ వాటా ఎంత, నీ పని ఏది, సెలవు ఎప్పుడు తీసుకుంటావు? సెలవు అనే మాట దగ్గర ఈమెకు నవ్వొచ్చింది. పొద్దున అందరికీ టిఫిన్లు పెట్టి, పాపను బడికి పంపి, మావగారి మందులు చూసి, అప్పుడు గదిలోకి వెళ్ళేది. అది సెలవులాగే ఉండేది. దొరసాని నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే చెప్పేది. మరుక్షణం ఏమీ జరగనట్టు నవ్వేది. ఈమె మాత్రం ఆ మాటనే సాయంత్రం దాకా తలుచుకునేది. ఈమె "చూద్దాంలే" అంటే దొరసాని నిజంగానే చూడటానికి తారీఖు రాసుకునేది.

చివరికి ఇద్దర్నీ ముంచింది ఒకే బొమ్మల వ్యాపారమే అయినా, మునిగిన తీరు వేరు. అక్కడ పిల్లవాడికి విసుగు పుట్టగానే తల్లి ఫోన్ మీద ఒక్క నొక్కు నొక్కి మానేసేది. వారం క్రితం నవ్వుతూ మాట్లాడిన మనిషే, వెళ్తున్నానని ఒక్క మాట కూడా చెప్పేది కాదు. ఇక్కడ ఎవరూ మానేవారు కాదు. బొమ్మ ఇచ్చేవారూ కాదు. "పాప దాన్ని పట్టుకునే పడుకుంటోంది వదినా, ఇంకొన్నాళ్ళు ఉండనీ" అనేవారు. ఆడపడుచు తోటికోడలు, పక్కింటి పిన్ని, మావగారి స్నేహితులు. ఎవరిని నిలదీస్తుంది? పిల్లలు ప్రేమించిన బొమ్మ తిరిగి రాలేదు. తిరిగొచ్చిన బొమ్మను ఏ పిల్లా ప్రేమించలేదు. గదిలో అలాంటివే మిగిలాయి. అక్కడ మొహమాటం లేక మునిగారు, ఇక్కడ మొహమాటంతో మునిగారు.

ఒకసారి దొరసాని చెప్పిందని, ఆలస్యమైతే జరిమానా దానంతటదే పడేలా యాప్‌లో పెట్టారు. మొదటి జరిమానా భర్త ఆఫీసరు భార్యకు పడింది. ఆ సాయంత్రం భర్త చెప్పులు కూడా విప్పకుండా "నా ఉద్యోగానికి ఎసరు పెట్టావు" అన్నాడు. ఇద్దరూ పళ్ళు కొనుక్కుని వాళ్ళింటికి వెళ్ళారు. సోఫా అంచున కూర్చుని ఆమె క్షమాపణ చెప్పింది. ఎదురుగా ఆవిడ తిరిగివ్వని బొమ్మరిల్లు ఉంది. దాని కప్పు విరిగిపోయి ఉంది. ఈ కథంతా విని దొరసాని నుదురు చిట్లించి, "ఇవ్వనిది ఆవిడ కదా, క్షమాపణ నువ్వెందుకు చెప్పావు?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న కూరలో గరిట తిప్పుతున్నా, బట్టలు మడతపెడుతున్నా వెంటే తిరిగింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ తను చెప్పిన క్షమాపణలన్నీ గుర్తొచ్చాయి. వాటిలో తన తప్పులకు చెప్పినవి ఏవో ఏరడానికి ప్రయత్నించింది. దొరికినవి చాలా తక్కువ.

మూసేద్దామని ముందు అన్నది దొరసానే. అని ఊరుకోలేదు. అక్కడ ఒక చిన్న విందు పెడుతుందట. బొమ్మలు తీసుకున్న వాళ్ళందరినీ పిలుస్తుందట. మేం ఓడిపోయాం, ఇవిగో మేం చేసిన తప్పులు అని నిలబడి చెబుతుందట. మిగిలిన బొమ్మలు తలా ఒకటి పట్టుకుపోతారట. నువ్వూ అలాగే చెయ్యమంది. ఇక్కడ కొట్టు మూతపడితే ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. తెలిసినవాళ్ళు ఆ వీధిలోంచి వెళ్ళేటప్పుడు తల పక్కకు తిప్పుకుంటారు, అంతే. పైగా ఓడింది కోడలైతే ఆ మాట అక్కడితో ఆగదు. కూర మాడినా "కంపెనీ నడిపినట్టే ఉంది" అంటారు.

"నువ్వు చెప్పుకో. నా పేరు మాత్రం ఎత్తకు" అంది ఫోన్‌లో.

దొరసాని మొహం చిన్నబోయింది. "మనిద్దరిదీ కదా" అంది.

అక్కడ బొమ్మలు చేరవేసే వ్యాన్ డ్రైవరుకు చెప్పావా అని ఈమె మాట మార్చింది. చెప్పానంది దొరసాని. మెయిల్ పంపిందట. రెండు వాక్యాలట.

"మనిషికి మెయిలా?" అంది ఈమె. తన దగ్గర బొమ్మలు కడిగే ఇద్దరు ఆడవాళ్ళకు తను వేరే చోట పని చూసిపెట్టాకే మూసివేత సంగతి చెప్పింది. వాళ్ళ పక్కన కూర్చుని చెప్పింది. వాళ్ళే ఆమె భుజం తట్టారు. "ఆయన ఇన్నాళ్ళు నీ బొమ్మలు మోశాడు. ఇంటికెళ్ళి చెప్పాలి" అంది దొరసానితో.

"నా వల్ల కాదు" అంది దొరసాని. వందమంది ముందు మైకు పట్టుకుని ఓడిపోయానని చెప్పగలదట. ఒక్క మనిషి కళ్ళలోకి చూసి, నీకు రేపటినుంచి పని లేదని చెప్పలేదట. ఆయనేమంటాడో అని భయమట.

ఈమె ఆశ్చర్యపోయింది. దొరసానికి భయాలే లేవని ఇన్నాళ్ళూ అనుకుంది. ఇద్దరూ భయస్తులే. భయం ఉండే చోటే వేరు. అది తెలిశాక ఎందుకో ధైర్యం వచ్చింది.

"ఒక పని చేద్దాం. నువ్వు ఆయన ఇంటికి వెళ్ళు. నేను మా అత్తగారికి చెబుతాను" అంది.

దొరసాని పెన్నుతో తల గోక్కుని, సరే అంది.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, వెళ్ళొచ్చానని చెప్పింది. ఆయన కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడట. దొరసానే ఏడ్చిందట. ఆయన నవ్వి, ఆ మెయిల్ చదివి మూడు రోజులు తిట్టుకున్నానని, ఇప్పుడు కోపం లేదని అన్నాడట. "ఇక నీ వంతు" అంది దొరసాని. జుట్టులో పెన్ను లేదు ఆ రోజు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఆ ఆదివారం మావగారు నడక స్నేహితులను భోజనానికి పిలిచారు. కోడలి కంపెనీ చూపిస్తానని తీసుకొచ్చారు. ఆమె వడ్డిస్తోంది. వాళ్ళలో ఒక పెద్దాయన మాత్రం వచ్చినప్పటినుంచి ఆమె వైపు చూడటం లేదు. పళ్ళెంలో తల పెట్టేశాడు. ఇంకొకాయన "వ్యాపారం ఎలా ఉందమ్మా?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. "బ్రహ్మాండంగా ఉందండీ. ఇంకో రెండు ఊళ్ళలో పెట్టబోతున్నాం."

మావగారు మీసాల చాటున నవ్వుకుంటున్నారు. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది. ఆమె చేతిలో కూర గిన్నె వేడిగా ఉంది. ఇప్పుడు ఊరుకుంటే రేపు పొద్దున మళ్ళీ ఆ ఏనుగుల్ని కడగాలి. ఎల్లుండి కూడా. వాటి కళ్ళు పూర్తిగా పోయేదాకా.

గిన్నె బల్ల మీద పెట్టింది.

"లేదండీ. మూసేశాం. చేసినంతకాలం బాగానే చేశాం. నడవలేదు" అంది.

ఎవరూ ముద్ద ఎత్తలేదు. భర్త మొహం ఎర్రబడింది. మావగారి చెయ్యి జేబు మీదికి వెళ్ళి ఆగింది. పళ్ళెంలోంచి తలెత్తినవాడు ఆ పెద్దాయన ఒక్కడే.

"అయితే అమ్మా, మా మనవడి దగ్గరున్న ఆ రైలుబండి... తిరిగి ఇవ్వక్కర్లేదా?"

"అక్కర్లేదు బాబాయ్ గారూ. వాడిదే."

"హమ్మయ్య" అన్నాడాయన, గుండెల మీది బరువు దింపుకున్నట్టు. "నువ్వు అడుగుతావేమోనని ఆర్నెల్లుగా ఈ వీధి మానేసి చుట్టూ తిరిగి నడుస్తున్నాను. మోకాళ్ళు పోయాయి."

ముందు నవ్వింది అత్తగారు. కొంగు అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. మావగారు కూడా నవ్వలేక నవ్వలేక నవ్వి, "మా తమ్ముడి కొడుకు దగ్గర కూడా ఒక లారీ ఉండాలి" అన్నారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళూ మోసింది ఈ ఒక్క మాటనేనా అనిపించింది. మాట బయటపడ్డాక ఇంటి కప్పు కూలలేదు. కూర కూడా చల్లారలేదు.

స్నేహితులు వెళ్ళేటప్పుడు తలా ఒక బొమ్మ తీసుకెళ్ళారు. ఏనుగులు, ఇటుకలు, ఎవరికీ నచ్చక తిరిగొచ్చినవన్నీ. ఆమె దొరసానికి గదిలోని ఖాళీ అరల ఫొటో పంపింది.

వాళ్ళు వీధి మలుపు తిరగకముందే ఇంట్లో లెక్కలు మొదలయ్యాయి. భర్త ఇంకా మొహం ముడుచుకునే, ఆ వెనక గదిలో వ్యాయామం చేసుకునే యంత్రం పెడతానన్నాడు. మావగారు తన పాత పేపర్లకు అది బాగుంటుందన్నారు. అత్తగారు గిన్నెలు సర్దుతూ, అమ్మాయి ఇక ఇంటిపట్టునే ఉంటుంది కాబట్టి, కంపెనీ పెట్టాక మధ్యాహ్నం వంటకు కుదిర్చిన వంటావిడను వచ్చే నెల నుంచి మానిపిద్దామంది. అందరూ అదేదో ఎప్పుడో తేలిపోయిన విషయంలా మాట్లాడుకుంటున్నారు. ఆమెను ఎవరూ అడగలేదు.

ఆమె చేతులు కడుక్కుంది. వీధిలోకి వెళ్ళి స్టూలెక్కి బోర్డు దింపింది. దాన్ని లోపలికి తెచ్చి, వెనక గది గుమ్మం పక్కన గోడకు ఆనించి, తాళంచెవి చేతిలోకి తీసుకుంది.

"వంటావిడ మానదు అత్తయ్యా" అంది మెల్లగా. తర్వాత ముగ్గురి వైపూ చూసి, "నేను మూసింది కంపెనీని. ఈ గదిని కాదు" అంది.

"బొమ్మలే లేవు. ఒక్కదానివీ ఆ ఖాళీ గదిలో కూర్చుని ఏం చేస్తావు?" అన్నాడు భర్త.

చెప్పాల్సిన అబద్ధం ఏదీ మిగల్లేదు.

"ముందు కాసేపు పడుకుంటాను" అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.