వాలిన జూనిపర్

పక్షవాతం వచ్చి శోభనాద్రి విజయవాడ ఆసుపత్రిలో నెలా పది రోజులు ఉన్నాడు. ఆ రోజుల్లో బందరు పరాసుపేటలోని ఆయన డాబా మీద చెట్లకి నీళ్ళు పోసే దిక్కు లేకపోయింది. తిరిగొచ్చేసరికి పదిహేడు తొట్లలో పదకొండు ఎండిపోయాయి. ఇరవై నాలుగేళ్ళుగా పెంచిన జూనిపర్ మాత్రం సగం చచ్చి సగం బతికింది.

అది చలిదేశాల చెట్టు, తొట్టిలో మూరెడు ఎత్తున పొట్టిగా పెంచిన బోన్సాయ్. కడియం నర్సరీ నుంచి వేలెడు మొక్కగా తెచ్చాడు. కాలవల మీద ఇంజనీరుగా ఏ ఊరికి బదిలీ అయినా జీపులో ఒళ్ళో పెట్టుకుని మోశాడు. గోపురంలా నిటారుగా పెంచాడు. ఇప్పుడు దాని పైభాగం గోధుమరంగుకి తిరిగింది. ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. కింద కుడివైపు ఒక్క కొమ్మ మాత్రం పచ్చగా, పొడుగ్గా సాగింది.

దాన్ని మళ్ళీ చెట్టులా మలచాలంటే నాలుగైదేళ్ళ పని. రాగి తీగ చుట్టి కొమ్మల్ని వంచాలి. ఆయన కుడి చెయ్యి లేవదు.

"తీగపని తెలిసినవాళ్ళు రోల్డుగోల్డు నగలు చేసే చిలకలపూడి నిండా ఉన్నారు కదండీ," అంది భార్య మహాలక్ష్మమ్మ. "నా గాజులకి మెరుగు పెట్టే ఖైరున్ బీని పిలుస్తాను. ఆవిడ చేత్తో చుట్టిన తీగ గొలుసులో భూతద్దం పెట్టి వెతికినా అతుకు కనపడదు."

అలా 1996 డిసెంబరులో ఒక శుక్రవారం ఉదయం ఖైరున్ బీ ఆ డాబా మెట్లెక్కింది. నలభై రెండేళ్ళుంటాయి. చేతిసంచిలో రెండు పట్టకార్లు, ఒక చిన్న ఉలి, చుట్ట చుట్టిన రాగి తీగ. కుర్చీలో కూర్చున్న మనిషిని చూసి ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది.

ఆయన్ని ఆమె పదేళ్ళ కింద దివిసీమలో చూసింది. అప్పుడాయన కాలవ గట్టు మీద గొడుగు కింద నిలబడి ఉన్నాడు. ఆయనకి ఆమె గుర్తులేదు. గట్టు మీద ఇళ్ళున్న ముప్ఫై మందిలో ఒకతె.

"ఏయ్, అక్కడే నిలబడ్డావేం? రా," అన్నాడు.

తిరిగి దిగిపోవాలనుకుంది. కానీ ఇంటి దగ్గర మొగుడు పీర్ సాహెబ్ ఉబ్బసంతో మంచం పట్టాడు, పని వదులుకునే రోజులు కావు. పైగా, నిజం చెప్పాలంటే, ఆ మనిషి ఒక చెయ్యి పడిపోయి తన చేతుల కోసం చూస్తుండటం ఆమెకి బాగుంది. వచ్చి చాప మీద కూర్చుంది.

మొదటి రోజు చచ్చిన పైభాగం బెరడు ఒలిచే పని. లోపలి చెక్కని తెల్లగా తేలేట్టు వదిలేయాలని, పిడుగుపడ్డ చెట్టులా కనపడాలని చెప్పాడు శోభనాద్రి. చెప్పడం అంటే అరవడం.

"పచ్చ ఉన్నచోట ఉలి తగిలిందో చేతులు విరిచేస్తా! ఈ జాతి చెట్టు వేపచెట్టు కాదు, మోడు చేస్తే మళ్ళీ చిగురించడానికి. కొమ్మ మీద ఆకు మిగలకపోతే ఆ కొమ్మ పోయినట్టే."

"విరవడానికి మీకు ఒక్క చెయ్యే ఉంది," అంది ఆమె తల ఎత్తకుండా.

పక్కనే ఉన్న కాఫీ గ్లాసు ఎడమచేత్తో తీసి విసిరాడు. అది పిట్టగోడకి తగిలి దొర్లింది. ఖైరున్ బీ ఉలి కింద పెట్టి చేతులు కట్టుకుని కూర్చుంది. మహాలక్ష్మమ్మ పరిగెత్తుకొచ్చి గ్లాసు తీసేదాకా అలాగే ఉంది. తర్వాత మళ్ళీ పని మొదలుపెట్టింది. సాయంత్రానికి బెరడంతా ఒలిచింది. ఒక్క పచ్చటి ఆకూ రాలలేదు. శోభనాద్రి తొట్టిని చుట్టూ తిప్పించి చూశాడు. తప్పు దొరకనందుకు ఆయన మొహం ఇంకా ముడుచుకుపోయింది.

ఆ ఏడాదంతా చెట్టుని కోలుకోనిచ్చారు. 1997 నవంబరులో అసలు పని వచ్చింది. మిగిలిన ఆ పచ్చటి కొమ్మే కొత్త తల కావాలి. దాన్ని నిటారుగా పైకి లేపాలన్నాడు ఆయన.

"అడ్డంగా పెరిగిన కొమ్మని అంత మలుపు తిప్పితే విరుగుతుంది," అంది ఖైరున్ బీ. "కొమ్మని తిప్పే బదులు చెట్టునే ఎడమకి వాల్చి నాటండి. మంగినపూడి సముద్రం ఒడ్డున గాలికి వాలిన సరుగుడు చెట్లు చూడలేదా? అలా వాలిస్తే ఈ కొమ్మ దానంతటదే పైకొస్తుంది. కాస్త వంచితే చాలు."

"నా చెట్టు వాలదు."

"అది మీ చెట్టని దానికి తెలీదు."

"నోర్మూసుకుని చెప్పింది చెయ్యి."

చేసింది. తీగని ఊక నిప్పులో ఎర్రగా కాల్చి చల్లార్చి మెత్తబరిచింది. కొమ్మకి తడిపిన జనపనార చుట్టి, దాని మీద రెండు వరసల తీగ చుట్టింది. రోజుకింత చొప్పున నెలరోజుల్లో వంచుదామంది. శోభనాద్రి ఒప్పుకోలేదు. ఇవాళే అవ్వాలన్నాడు. ఆమె చేతులు తీసేసింది. ఆయన కుర్చీలోంచి ముందుకి వంగి ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని లాగాడు.

చిటుక్కుమంది.

ఆ చప్పుడు వంటింట్లో ఉన్న మహాలక్ష్మమ్మకి వినపడలేదు గానీ, డాబా మీద ఇద్దరికీ వినపడింది.

"నువ్వే!" అని అరిచాడు. "నువ్వు చుట్టిన తీగ! కావాలనే వదులుగా చుట్టావ్! నీ కళ్ళల్లో మొదటిరోజే చూశాను, నాశనం చెయ్యడానికే వచ్చావ్!"

ఖైరున్ బీ మైనం కరిగించి చీలిక మీద పోసింది. గుడ్డపీలికతో బిగించి కట్టింది. సంచి సర్దుకుంది. మెట్ల దగ్గర మహాలక్ష్మమ్మతో, "అమ్మగారూ, సంక్రాంతి వెళ్ళాక ఆ తీగలు విప్పించండి. లేకపోతే బెరడులోకి దిగిపోతాయి. నేను మాత్రం రాను," అని వెళ్ళిపోయింది.

సంక్రాంతి వెళ్ళింది. వేసవి వెళ్ళింది. విప్పేవాళ్ళు దొరకలేదు. ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిపిస్తే తీగతోపాటు చిన్న కొమ్మని కూడా లాగిపారేశాడు. శోభనాద్రి అతన్ని తిట్టి పంపించి తనే ఎడమచేత్తో ప్రయత్నించాడు. పట్టకారు జారి బొటనవేలు చీరుకుపోయింది. చీలిన కొమ్మ మాత్రం చావలేదు. మైనం కింద కండ పట్టి, కొనలో చిగురు పెట్టింది. తీగ మాత్రం రోజురోజుకీ లోపలికి దిగుతోంది.

1998 ఆగస్టులో ఆయన రిక్షా ఎక్కి చిలకలపూడి వెళ్ళాడు. పెంకుటింటి వాకిట్లో ఖైరున్ బీ గొలుసు అల్లుతోంది. అరుగు మీద పీర్ సాహెబ్ రొప్పుతూ కూర్చుని ఉన్నాడు. శోభనాద్రిని చూడగానే లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"తీగలు కోసుకుపోతున్నాయి. రా," అన్నాడు శోభనాద్రి, రిక్షా దిగకుండానే.

"నా పేరు తెలుసా మీకు?"

"ఆ... ఖైరున్."

"ఈయన పేరు?"

ఆయన అరుగు మీది మనిషి వంక చూసి, రిక్షావాడి వైపు తల తిప్పుకున్నాడు.

"పీర్ సాహెబ్. పదేళ్ళ పైమాట. దివిసీమలో మీ కాలవ గట్టు మీద మా ఇల్లుండేది. ఎనిమిది రోజుల్లో ఖాళీ చెయ్యండి అని మీ నోటితోనే చెప్పారు. ఈయన బందరులో ఇల్లు వెతకడానికి వచ్చాడు. నాలుగో రోజు పొద్దున బుల్‌డోజర్ తెచ్చారు. ఇంట్లో నేనూ, మా అత్తా. తీగ లాగే కమ్మచ్చు వీళ్ళ తాతది. బురదలో కలిసిపోయింది. మూడు రోజులు వెతికాను."

"గట్టు సర్కారుది," అన్నాడు శోభనాద్రి. "నేను ఉత్తర్వు అమలు చేశాను."

"గట్టు మాదని నేనన్నానా? ఎనిమిది అని నాలుగెందుకు చేశారు అంటున్నా."

"నేను చెట్టు గురించి వచ్చాను."

"అయితే చెట్టు గురించే చెప్తా. వాల్చి నాటితే వస్తాను. నేను చుట్టేటప్పుడు మీరు ముట్టుకోకూడదు. ఏయ్ అని పిలిస్తే అక్కడికక్కడే లేచి వెళ్ళిపోతా."

రిక్షావాడు చూరు నీడకి జరిగాడు. శోభనాద్రి దవడ రెండుసార్లు కదిలింది. "శుక్రవారం రా," అని రిక్షా తిప్పించాడు.

ఆమె వెళ్ళినందుకు పీర్ సాహెబ్ వారం రోజులు మాట్లాడలేదు. "ఆ ఇంటి మెట్లెక్కడానికి సిగ్గులేదా?" అన్నాడు చివరికి. తన చేతి పని సగంలో పాడవుతుంటే ఊరుకోలేకపోయింది, అంతే. ఆ మాట మొగుడికి చెప్పడం చేతకాలేదు.

బెరడులోకి దిగిన తీగని ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీసింది. పాముచుట్టల్లా మచ్చలు మిగిలాయి. జనవరి చలిలో చెట్టుని తొట్టిలోంచి ఎత్తి, వేళ్ళు సరిచేసి, ఎడమకి వాల్చి నాటింది. శోభనాద్రి ఆ రోజంతా కుర్చీ వీధి వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

మరుసటి శుక్రవారం వచ్చేసరికి తొట్టి ఎడమ అంచు కింద చెక్కముక్క ఉంది. చెట్టు మళ్ళీ నిలువుగా నిలబడింది. ఆమె చెక్కముక్క తీసి వీధిలోకి విసిరింది. ఆ పై వారం ఇటుకముక్క. అదీ విసిరింది. "ఎవరు పెడుతున్నారు?" అని ఆమె అడగలేదు, "ఎవరు తీశారు?" అని ఆయనా అడగలేదు. రెండేళ్ళు అలా జరిగింది. మధ్యలో మహాలక్ష్మమ్మ ఇద్దరికీ విడివిడిగా కాఫీ తెచ్చి ఇచ్చేది. కొత్త కొమ్మలు పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. చచ్చిన తెల్లటి మోడు ఒకవైపు, వాలిన పచ్చటి తల ఇంకోవైపు. చూసినవాళ్ళు నిలబడిపోయేవాళ్ళు.

2001 జనవరిలో గుడివాడలో పూలప్రదర్శన పెట్టారు. బోన్సాయ్‌లకి విడిగా పోటీ. అద్దె కారులో శోభనాద్రి ముందు సీట్లో, చెట్టుని ఒళ్ళో పెట్టుకుని ఖైరున్ బీ వెనక సీట్లో.

చెట్టు ముందు పెట్టిన కార్డు మీద శోభనాద్రి పేరొక్కటే ఉంది. ఆమె చదివింది. షామియానా గుంజకి ఆనుకుని నిలబడింది.

న్యాయనిర్ణేత పూర్ణచంద్రరావు గుడివాడలో పేరున్న డాక్టరు, ఆయన మేడ మీద కూడా ముప్ఫై బోన్సాయ్‌లున్నాయి. చెట్టు ముందు చాలాసేపు వంగి చూశాడు. తర్వాత చుట్టూ ఉన్న పాతిక ముప్ఫై మందికీ వినపడేలా, "శోభనాద్రిగారూ, ప్రాణమంతా ఆ వాలులోనే ఉందండీ. ఎంత ధైర్యం కావాలి! ఆ ఆలోచన మీకెలా వచ్చింది?" అన్నాడు.

శోభనాద్రి మొహం ఎర్రబడింది. తనకి నచ్చనిదాన్ని తనదని పొగిడితే ఆ మనిషి భరించలేడు.

"నాకు రాలేదు," అన్నాడు కటువుగా. "నేను అడ్డుపడ్డాను. ఇప్పటికీ నాకు నచ్చదు. చెట్టన్నది నిలబడాలి. అదిగో, ఆ గుంజ దగ్గరున్నావిడ చేసింది. పేరు ఖైరున్ బీ. కొమ్మ చీల్చింది నేను, బతికించింది ఆవిడ. పొగిడేదేదో అక్కడ పొగడండి."

అందరూ అటు తిరిగారు. ఖైరున్ బీ కొంగు సర్దుకుంది. సంతోషం రాలేదు. తిడుతున్నట్టే ఇచ్చాడు ఆ మాట కూడా.

మొదటి బహుమతి వచ్చింది. తిరుగు దారిలో పామర్రు సెంటర్లో డ్రైవరు టీకి దిగాడు. కారులో ఇద్దరే మిగిలారు.

"అంతమందిలో నిజం చెప్పారు," అంది ఆమె వెనక నుంచి. "రెండోది కూడా చెప్పండి. నాలుగో రోజు ఎందుకొచ్చారు?"

ఆయన అద్దంలోంచి బస్సుల్ని చూశాడు.

"మంత్రి వస్తున్నాడని పైవాళ్ళు తొందరపెట్టారు. ముందురోజే మీకు కబురు పంపొచ్చు. జీపుంది, జవానున్నాడు. పంపలేదు."

"ఎందుకని?"

"తోచలేదు. మీరక్కడ ఉన్నారని... లెక్కలోకే రాలేదు."

ఇన్నేళ్ళూ ఆమె, కక్షగట్టి చేశాడనుకుంది. కక్షయినా బాగుండేది. ఒళ్ళోని తొట్టిని దగ్గరికి లాక్కుంది.

"ఈ మాటకి మీ మీద కోపం తగ్గుతుందనుకోకండి."

"తగ్గించమని అడగలేదు."

పరాసుపేటలో చెట్టుని డాబా మీద దాని చోట పెట్టింది. ఏ తీగ ఎప్పుడు విప్పాలో మహాలక్ష్మమ్మకి చెప్పింది. ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్ళలేదు. ఆయనా కబురు పంపలేదు. పూర్ణచంద్రరావు పిలిస్తే నెలకి రెండుసార్లు గుడివాడ వెళ్ళి ఆయన చెట్లకి తీగ చుట్టేది. ఆ డబ్బుతో పీర్ సాహెబ్ మందులు గడిచేవి.

2003 ఫిబ్రవరిలో శోభనాద్రికి రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి ఆసుపత్రిదాకా కూడా వెళ్ళలేదు. పెద్దకర్మ అయ్యాక మహాలక్ష్మమ్మ కబురు పెట్టింది, ఒక్కసారొచ్చి చెట్టు చూడమని.

ఖైరున్ బీ వెళ్ళింది. తొట్టి కింద ఇటుకలు లేవు. చెట్టు వాలే ఉంది. కానీ కొన దగ్గర లావుపాటి తీగ, వంకరటింకరగా, ఒకచోట బిగుసుకుని ఒకచోట వేలాడుతూ చుట్టి ఉంది. ఎడమచేతి పని. వాలిన తలని ఆఖరి బెత్తెడు దగ్గర బలవంతంగా నిలువుకి తిప్పాడు.

"ఏడాది పట్టింది ఆయనకి," అంది మహాలక్ష్మమ్మ. "రోజూ పొద్దున్నే కూర్చునేవారు. మిమ్మల్ని తిట్టుకుంటూ."

"ఇదేం చుట్టడం! గేదెకి పలుపు కట్టినట్టు," అంది ఖైరున్ బీ. పట్టకారు తీసి ముక్కముక్కగా కత్తిరించింది. తీగ పోయినా కొన వెనక్కి రాలేదు, నిలువుగానే నిలబడింది. అప్పటికే ముదిరింది.

దాన్ని మళ్ళీ కిందికి దించాలని కొత్త తీగ చుట్ట విప్పింది. చుట్టబోతూ, అలవాటుగా నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. తొట్టిని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. గాలికి వాలిన చెట్టు గాలి ఆగాక తలెత్తినట్టుంది. తను వదిలినప్పటి చెట్టు కంటే బాగుంది. ఆ సంగతి తెలిసేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"తీసేస్తారా?" అడిగింది మహాలక్ష్మమ్మ.

"ఉండనివ్వండి," అంది విసురుగా, తీగని తిరిగి చుట్ట చుడుతూ. "ఆయన ఉండి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు."

చెట్టుని తీసుకెళ్ళమంది మహాలక్ష్మమ్మ. ఖైరున్ బీ వద్దంది. గుడివాడ డాక్టరుగారు అడుగుతున్నారని, ఆయనకిమ్మని చెప్పింది. తర్వాత మట్టిలో వేలు పెట్టి చూసింది. ఎండిపోయి ఉంది. బకెట్టు ఎక్కడుందో ఆమెకి తెలుసు. నీళ్ళు తెచ్చి పోసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.