మావయ్య క్యూ

ఆ రోజు మా ఊరి ఇందా పేటలో పూల్ బల్లాట పోటీ ఫైనల్. నాకున్నది ఒక్కటే క్యూ కర్ర. పేర్చిన బంతుల్ని చెదరగొట్టే మొదటి దెబ్బ, అదే బ్రేక్, కొట్టేదీ, ఆ తర్వాత ఆడేదీ దాంతోనే. నలిగిపోయిన దాని తోలు కొన చూసి, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన అప్పలకొండ మావయ్య కసిరాడు.

“ఏటే మీనా! సుత్తి పని ఆకురాయితో సేత్తావేటి? బ్రేకుకి నాది తీసుకో. నీది ఆటకుంచుకో.”

పనిముట్లనే కాదు, ఆ క్యూని కూడా ఎవరినీ తాకనివ్వని మనిషి! దాంతో బలమంతా పెట్టి బ్రేక్ కొట్టాను. బంతులు చెల్లాచెదురయ్యాయి. తర్వాత నా క్యూతో ఆడి గెలిచాను.

తిరిగి ఇవ్వబోతే మావయ్య క్యూ కొన చీలి ఉంది. మర్నాడు పెద్దవాళ్ల పోటీలో ఆయన ఆడాలి.

“పోన్లే అమ్మా, గెలిసినావు కదా,” అన్నాడు.

నా క్యూ ఆయన చేతిలో పెట్టాను.

“రేపు దీంతో ఆడు మావయ్యా. బ్రేక్ కూడా దీంతోనే కొట్టు.”