మనిషెత్తు మట్టి

మోచేతి దాకా చెయ్యి కుప్పలోకి దూర్చి, గుప్పెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పులిసిన వాసన లేదు. తొలి చినుకులు పడ్డప్పటి వాసనే. అరచేతిలో ఒక వానపాము మెలికలు తిరిగింది. దాన్ని మళ్లీ కుప్పలో వేసి, పైన మట్టి కప్పి, పక్క గుర్తు దగ్గరికి నడిచింది. రోజూ పన్నెండు చోట్ల ఇలా చూస్తుంది. కుప్పలో మూడొంతులు ఇప్పటికే ఎత్తేశారు. మిగిలింది మధ్యాహ్నానికి వెళ్లిపోతుంది. అయినా మిగిలిన మూడు చోట్లా చూసింది. సరుకు అప్పగించే రోజున ఇంకోసారి చూసుకోని కాపలా కాపలా కాదు.

టిప్పర్ల వాళ్లు ఆమెను మట్టి పిన్ని అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఆమె పని మట్టికి కాపలా. మొదట్లో విన్నవాళ్లంతా నవ్వారు. బంగారానికి కాపలా ఉంటుంది, మట్టికేమిటి అని. గని తవ్వేముందు నేల పైపొరను, పాల మీద మీగడ తీసినట్టు తీసి వేరే పోయాలి. తవ్వకం అయ్యాక గుంత పూడ్చి, తవ్విపోసిన రాళ్లగుట్టను కొండలా మెట్లుమెట్లుగా సర్ది, ఆ మట్టి కప్పి, పచ్చగా చేసి అప్పగించాలి. అలా అప్పగించిన వాడికే ఇంకోచోట గునపం వేసే అనుమతి. ప్రభుత్వం పెట్టిన షరతు ఇది. కింద రాయి ఎంత ఉన్నా, పైన ఆ జానెడు మట్టి లేకపోతే వ్యాపారం అక్కడితో ఆఖరు. ఈ సంగతి పెద్ద చదువుల వాళ్లకంటే ముందు ఆమెకు అర్థమైంది.

కుప్ప మనిషెత్తు దాటకూడదని చెప్పి పోయాడు మొదటి మేనేజరు. దాటితే అడుగు మట్టి గాలాడక చచ్చిపోతుంది. ఎవరెత్తో ఆయన చెప్పలేదు. ఆమె తన ఎత్తే ప్రమాణంగా పెట్టుకుంది. ఆమె అయిదడుగులు కూడా ఉండదు. టిప్పర్లు మట్టిని దూరదూరంగా పోయాల్సి వచ్చేది.

"నువ్వు ఇంకో జానెడు పొడుగ్గా పుట్టుంటే మాకు సగం డీజిల్ మిగిలేది పిన్నీ" అనేవాడు టిప్పరు డ్రైవరు.

"మా అమ్మనడుగు. నన్నడిగితే ఏం లాభం?" అనేది.

ఏటేటా వానలకు ముందు కుప్ప మీద జనుము చల్లేది. పూత రాగానే కోసి అక్కడే పరిచేది. నిల్వ సరుకును తిరగేస్తూ ఉండాలి, లేకపోతే పురుగు పడుతుంది. మట్టికి పురుగు పడకపోతే ప్రమాదం, అంతే తేడా. ఒకసారి ఒక మేనేజరు తన బంగళా తోటకు నాలుగు టిప్పర్లు పంపమన్నాడు. "అలాగేనయ్యా, కాగితం మీద రాసి సంతకం పెట్టండి" అంది. ఆయన రాయలేదు, మట్టీ కదల్లేదు.

ఆమె భర్త బస్టాండు దగ్గర దర్జీ. "నేను మనుషులకు కుడతా, మా ఆవిడ కొండకు కుడుతుంది. ఆదాయం నాకు, పేరు ఆవిడకు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు కుప్ప అయిపోయింది. కొండను కప్పడం కాలేదు. కింది మెట్టు పొడవునా రాయి బోసిగా కనిపిస్తోంది. ఇంజనీరమ్మాయి చేతిలో పలక లాంటి కంప్యూటరు పట్టుకుని, కాసేపు దాన్నీ కాసేపు కొండనూ చూసింది. కుప్పగా ఉన్నప్పుడు గుల్లగా ఉన్న మట్టిని కొలిచారు. పరిచాక అది అణిగింది. తడిపాక గుడ్డ కుంచించుకుపోతుందని ఏ దర్జీనడిగినా చెప్పేవాడు.

"అరవై టిప్పర్లు తగ్గిందమ్మా" అంది ఆ అమ్మాయి. "రేపు పొద్దున్నే తనిఖీ. వాగు అవతల రైతు ఒప్పుకున్నాడట. వాళ్ల పొలం పైమట్టి గీకి తెమ్మని కాంట్రాక్టరుకు చెబుతున్నా."

"ఎంత పొలం?"

"రెండెకరాలు. ఊరికే కాదు కదా, డబ్బులిస్తున్నాం."

"డబ్బు చల్లితే మొలవదు కదమ్మా."

ఇంజనీరమ్మాయి ఫోను తీసింది.

పిన్ని తన కేబిన్ మెట్టు మీద కూర్చుంది. ఎదురుగా కూరపాదులు, ఆనపకాయలు, కాకరతీగ. ఆ పాదు కాయలు తినని డ్రైవరు ఆ గనిలో లేడు. అంత బాగా ఎందుకు కాస్తాయో ఆమెకొక్కదానికే తెలుసు. షరతు ఇంకా ఎవరికీ సరిగ్గా తలకెక్కని మొదటి వారంలో, ఇక్కడున్న పెద్ద గోతిని చదును చేయడానికి తొలి టిప్పర్ల పైమట్టంతా ఇక్కడే పోశారు. మనిషి లోతు. దాని మీద కేబిన్ పెట్టారు, చుట్టూ టిప్పర్లు నిలిపారు. పోసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, కాగితాల్లో లేదు.

ఇంకో మాట కూడా ఉంది. మొక్కలు పెరిగేదాకా ఇంకో రెండేళ్లు ఆమెను ఉంచుతామన్నారు. కేబిన్ ఉంది కనక. లేకపోతే కాపలా కూడా కాంట్రాక్టరుకే.

అటు రెండెకరాలు, దాన్ని దున్నేవాళ్లు, వాళ్ల తర్వాతివాళ్లు. ఇటు పదడుగుల గది, రెండేళ్ల కొలువు. తూచడానికి పెద్ద త్రాసు అక్కర్లేదు. అయినా ముల్లు ఆగడానికి కాస్త సేపు పట్టింది.

"అమ్మాయిగారూ, ఆ ఫోను పెట్టెయ్యండి. నా కేబిన్ తీయించండి. దాని కిందా చుట్టూ మీ అరవై టిప్పర్లున్నాయి."

సంగతి విని టిప్పరు డ్రైవరు నోరు తెరిచాడు. "ఇల్లు పీకి పందిరేస్తానంటావేంటి పిన్నీ!"

"పందిరి పెద్దది కదరా. అందరికీ నీడ."

క్రేను కేబిన్‌ను ఎత్తి పక్కన పెట్టింది. పొక్లెయిన్ తవ్వింది. నల్లటి మట్టి. పిన్ని గుప్పెడు తీసి వాసన చూసింది. ముఖం మారింది. ఇంత కాలం బరువు కింద ఊపిరాడక పుల్లటి కంపు కొడుతోంది.

"చచ్చిపోయిందమ్మా ఇది."

"మరెలా?" అంది ఇంజనీరమ్మాయి.

"పాలకు తోడెయ్యమా? అంతే. పాదుల మట్టి బతికే ఉంది. టిప్పరుకు రెండు గంపలు కలపండి."

ఆనప పాదు ఆమే పీకింది. పిందెలతో సహా. సాయంత్రం దాకా ప్రతి టిప్పరు దగ్గరా నిలబడి తోడు వేయించింది. పొద్దు వాలేసరికి కింది మెట్టు కూడా నిండింది. బరువు పడితే అణుగుతుందని డోజరును దూరంగా పంపేసి, ఒడిలో జనుము గింజలు పోసుకుని, పైమెట్టు నుంచి చల్లుకుంటూ ఒక్కతే దిగింది. చల్లిన వెంటనే వేళ్లతో మట్టి కదుపుతూ, మెట్టు తర్వాత మెట్టు.

కింద రోడ్డు మీద భర్త మోపెడ్ ఆపుకుని ఉన్నాడు.

"కేబిన్ కనబడదేంటే?"

"కొండకు తొడిగేశా."

"మరి రేపట్నుంచి?"

"నీ కొట్లో గుండీలు కుడతా. కూలి మాత్రం తగ్గించకు."

అతను నవ్వలేదు. ఆమె కాళ్లకంటిన మట్టి వైపు ఓసారి చూసి బండి స్టార్టు చేశాడు. ఆమె వెనక్కి తిరగకుండా ఎక్కి కూర్చుంది.

మర్నాడు తనిఖీవాళ్లు వచ్చారు. నాలుగు మెట్ల మీదా కడ్డీ దింపి లోతు చూశారు, సంచుల్లో మట్టి నింపుకున్నారు, తలలూపారు. వాగు అవతల రైతు తన రెండెకరాల్లో నాగలి కట్టాడు. ఎవరు కాపలా కాశారని తనిఖీవాళ్లు అడగలేదు, అడగాలని వాళ్లకు తోచదు కూడా. పైమెట్టు అంచున రాతి మీద, కొత్త మట్టిని చెప్పులతో తొక్కకూడదని విప్పి పక్కపక్కనే పెట్టిన రబ్బరు చెప్పుల జత ఉంది. కొని ఆర్నెల్లు కూడా కాలేదు. ఒకే వైపుగా కుప్ప చుట్టూ తిరిగి తిరిగి, ఎడమ చెప్పు మడమ కాగితమంత పలచబడింది.